కుక్క గుండెలో మర్మర్ ఉందన్నారు: మాత్రా, స్కానింగా, చెన్నై ప్రయాణమా, ఏది ముందు?

మా జున్ను పామరేనియన్. జున్నుముక్కలా తెల్లగా ఉన్నాడని అమ్మ పెట్టిన పేరు. వాడికి తొమ్మిదో ఏట దగ్గు మొదలైంది. గేటు దగ్గర ఎవరైనా కనపడితే చాలు, పరిగెత్తి అరిచి అరిచి, చివర్లో బాతు కూసినట్టు దగ్గేవాడు. ఒక క్లినిక్‌లో రాసిచ్చిన దగ్గు సిరప్ రెండు నెలలు పోశాం. ఆ రెండు నెలల్లో వాడి ఛాతీ మీద స్టెతస్కోపు ఒక్కసారి కూడా పెట్టలేదు, పెట్టమని అడగాలని నాకూ తోచలేదు. తర్వాత చూపించిన ఇంకో డాక్టరు నిమిషం పాటు ఏమీ మాట్లాడకుండా విని, "మర్మర్ ఉందమ్మా, మూడో గ్రేడు" అన్నారు.

ఇక ఇంట్లో తలా ఒక మాట. "ముసిలోడైనాడు, దగ్గడా ఏంది? మందులు మింగించి వాణ్ణి చంపొద్దు మే" అని అమ్మ. ఆ రాత్రికే కారేసుకుని చెన్నై వెళ్దామని తమ్ముడు. మనుషులకిచ్చే నీటి మాత్ర (ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి పంపేది) సగం వేస్తే దగ్గు తగ్గుతుందని మందుల షాపాయన. ముగ్గురిదీ ప్రేమే. కానీ ముగ్గురి మాటా ఆ రోజుకి సరిపోయేది కాదని తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది. మూడేళ్ళుగా వాడితో పాటు నేర్చుకున్నది ఒక్కటే: ఏ పరీక్ష, ఏ మాత్ర, ఏ ఊరు అనేవి దగ్గును చూసో మర్మర్ అన్న మాట విని భయపడో తేల్చుకునేవి కావు. గుండె ఎంత పెరిగింది, నిద్రలో ఊపిరి ఎంత వేగంగా ఆడుతోంది, ఈ రెండూ చూసి తేల్చుకోవాలి. మీ ఇంట్లోనూ ఇదే చర్చ నడుస్తూ ఉంటే, మేం ఏది దేనికంటే ముందు పెట్టామో, ఎందుకు పెట్టామో చెప్తాను.

మీ కుక్క ఏ రకం అన్నదే మొదటి ప్రశ్న

మర్మర్ అంటే జబ్బు పేరు కాదు, శబ్దం. రక్తం సాఫీగా పారకుండా ఎక్కడో సుడి తిరుగుతోందని దానర్థం. ఒకటి నుంచి ఆరు దాకా గ్రేడు ఇస్తారు.

పామరేనియన్, షిట్జు, డాష్‌హండ్, లాసా లాంటి చిన్న జాతుల్లో వయసు మళ్ళాక వచ్చేది ఎక్కువగా మైట్రల్ కవాటం జబ్బు. గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే తలుపు రెక్కలు దళసరెక్కి, ముడతలు పడి, సరిగ్గా మూసుకోవు. కింది గది కొట్టుకున్న ప్రతిసారీ కొంత రక్తం వెనక్కి, పై గదిలోకి చిమ్ముతుంది. ఏళ్ళ తరబడి అలా చిమ్మితే ఆ గదులు సాగుతాయి. సాగి సాగి ఇక తట్టుకోలేనప్పుడు ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కుక్కల గుండె జబ్బుల్లో నాలుగింట మూడు వంతులు ఇదే. ఇందులో మంచి వార్త కూడా ఉంది. మర్మర్ వినపడిన చాలా కుక్కలు ఏళ్ళ పాటు ఏ మందూ లేకుండానే తిరుగుతాయి. కొన్నింటికి నీరు చేరే దశ అసలు రాదు.

డాబర్‌మన్, గ్రేట్ డేన్, బాక్సర్ లాంటి పెద్ద జాతుల్లో వచ్చేది వేరు. అక్కడ తలుపు బాగానే ఉంటుంది, గుండె కండరమే బలహీనపడుతుంది. చిత్తూరు గ్రీమ్స్‌పేటలో మా పెదనాన్న కొడుకు డాబర్‌మన్ పెంచేవాడు. దగ్గు లేదు, మర్మర్ లేదు. ఒక సాయంత్రం బంతి కోసం పరిగెత్తి కుప్పకూలింది, అర నిమిషంలో లేచి మళ్ళీ తోక ఊపింది. ఎండదెబ్బ అనుకున్నారు. గుండె లయ తప్పడం వల్ల అలా పడిపోతుందని తెలిసేసరికి ఆలస్యమైంది. డాబర్‌మన్ పెంచేవాళ్ళకి నా సలహా ఇది: మర్మర్ కోసం ఎదురు చూడొద్దు. మూడు నాలుగేళ్ళ వయసు నుంచి ఏడాదికోసారి ఎకో, అంటే గుండె స్కానింగ్, తీయించండి. వీలుంటే ఇరవై నాలుగు గంటలు ఒంటికి కట్టి ఉంచే హోల్టర్ ఈసీజీ కూడా. లక్షణాలు బయటపడకముందే పట్టుకుంటే మాత్రతో కాలం పొడిగించవచ్చని 2012లో వచ్చిన ప్రొటెక్ట్ అధ్యయనం చూపించింది. గుండె బలంగా కొట్టుకునేలా చేసే పిమోబెండాన్ అనే ఆ మాత్ర ఇచ్చిన డాబర్‌మన్లు జబ్బు ముదిరే దాకా సగటున 718 రోజులు బాగున్నాయి, ఇవ్వనివి 441 రోజులు.

పిల్లకుక్కకి మర్మర్ ఉందంటే లెక్క మళ్ళీ మారుతుంది. కొన్ని పిల్లల్లో ఏ జబ్బూ లేకుండానే మెత్తటి శబ్దం వినిపిస్తుంది, నాలుగైదు నెలలకు అదే పోతుంది. కానీ గట్టిగా, యంత్రం తిరిగినట్టు ఆగకుండా వినిపిస్తే పుట్టుకకు ముందు తెరిచి ఉండే ఒక రక్తనాళం పుట్టాక మూసుకోలేదేమో అని చూడాలి. పామరేనియన్, జర్మన్ షెపర్డ్ పిల్లల్లో ఇది కనపడుతుంది. సకాలంలో దాన్ని మూసేస్తే ఆ కుక్క మామూలు ఆయుష్షు బతుకుతుంది. నా దృష్టిలో ఖర్చుకు వెనకాడకుండా వెంటనే పెద్ద ఆస్పత్రికి పరిగెత్తాల్సిన సందర్భం ఇదే.

ఇంకొకటి. మన రాయలసీమ ఎండల్లో, మట్టిలో గోమార్లు ఎక్కువ. గోమార్ల జ్వరంతో రక్తం బాగా తగ్గిపోయిన కుక్కలోనూ మర్మర్ వినిపించవచ్చు. చిగుళ్ళు పాలిపోయి ఉంటే గుండె స్కానింగ్ కంటే ముందు రక్తపరీక్ష చేయించండి.

డబ్బు పెట్టే ముందు, పైసా ఖర్చు లేని పరీక్ష

కుక్క గాఢంగా నిద్రపోతున్నప్పుడు పక్కటెముకలు చూడండి. పైకి లేచి కిందికి దిగితే ఒక ఊపిరి. ముప్పై సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి. కలలో కాళ్ళు ఆడిస్తున్నప్పుడు, ఎండకు రొప్పుతున్నప్పుడు, ఇప్పుడే తిరిగొచ్చినప్పుడు లెక్కపెట్టొద్దు. నిమిషానికి ముప్పై లోపు ఉంటే మామూలు. చాలా కుక్కలకి ఇరవై ఐదు కూడా దాటదు.

మా వంటింట్లో టీటీడీ క్యాలెండర్ ఉంది. ప్రతి రాత్రి ఆ తేదీ గడిలో ఒక అంకె రాస్తాను. పద్దెనిమిది, ఇరవై, పంతొమ్మిది, ఇరవై రెండు. ఏకాదశికీ పౌర్ణమికీ మధ్య జున్ను ఊపిరి లెక్క. మొదట్లో అమ్మ నవ్వింది, ఇప్పుడు నేను ఊళ్ళో లేకపోతే తనే రాస్తుంది. ఈ అంకె వరసగా రెండు మూడు సార్లు ముప్పై దాటినా, ముప్పై లోపే ఉన్నా ఎప్పుడూ ఉండేదాని కంటే బాగా పెరిగి అక్కడే ఉన్నా, డాక్టరుకి ఫోను చెయ్యాలి. దగ్గు కంటే ఈ అంకెను నమ్మడం నేర్చుకున్నాను. నిద్రలో ఊపిరి మామూలుగా ఉండి దగ్గు మాత్రమే ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు ఉండే అవకాశం తక్కువ. జున్నుది మెడలో శ్వాసనాళం మెత్తబడి నొక్కుకుపోవడం వల్ల వచ్చిన దగ్గని ఎక్స్‌రేలో తేలింది. చిన్న జాతుల్లో అది మామూలే. మెడ పట్టీ తీసేసి ఛాతీకి తగిలించే హార్నెస్ వేశాక దగ్గు సగానికి సగం తగ్గింది. ఆ రోజు షాపాయన మాట విని నీటి మాత్ర వేసుంటే, అక్కర్లేని మందుతో మూత్రపిండాలను ఎండగట్టేవాళ్ళం.

ఎక్స్‌రేనా, ఎకోనా, ఈసీజీనా?

చేతిలో డబ్బు ఒక్క పరీక్షకే ఉంటే, కుక్క ఆ రోజు ఎలా ఉందన్నదాన్ని బట్టి ఎంచుకోవాలి.

ఆయాసపడుతుంటే ఎక్స్‌రే. ఊపిరితిత్తుల్లో నీరు ఉందా లేదా, శ్వాసనాళం ఎలా ఉంది, గుండె ఎంత ఉంది, మూడూ ఒకే ఫిల్ములో చూడొచ్చు. గుండె సైజును వెన్నుపూసలతో పోల్చి ఒక అంకె చెప్తారు. మామూలు కుక్కల్లో అది తొమ్మిదిన్నర, పది దగ్గర ఉంటుంది. పదిన్నర దాటితే అనుమానించాలి. ఎకో అందుబాటులో లేనప్పుడు పదకొండున్నర దాటితే గుండె పెరిగిందనే తీసుకోవచ్చు. పగ్ లాంటి జాతుల్లో ఆరోగ్యంగా ఉన్నా ఈ అంకె ఎక్కువే చూపిస్తుంది, కాబట్టి పగ్ ఎక్స్‌రే చూసి ఎవరైనా గుండె పెరిగిందంటే గాబరాపడకండి, ఎకోతో రూఢి చేసుకోండి.

కుక్క హాయిగా ఉండి, మర్మర్ మాత్రమే వినపడితే ఎకో. ఏ తలుపు కారుతోంది, ఎంత కారుతోంది, గదులు సాగాయా, కండరం బలంగా కొట్టుకుంటోందా అన్నవి చెప్పగలిగేది ఇదొక్కటే. రిపోర్టులో రెండు అంకెలు అడిగి రాయించుకోండి. ఒకటి, ఎడమ పై గదిని పక్కనున్న బృహద్ధమనితో పోల్చిన కొలత. రెండోది, ఎడమ కింది గదిని కుక్క బరువుకు సరిచేసి చెప్పే కొలత. మొదటిది 1.6, రెండోది 1.7. ఈ గీతలు దాటాయా లేదా అన్నదాని మీదే తర్వాతి నిర్ణయమంతా నిలబడుతుంది. "గుండె కొంచెం పెరిగిందమ్మా" అని నోటి మాటగా చెప్తే అంకెలు కూడా రాసివ్వమని మర్యాదగానే అడగండి. ఆర్నెల్ల తర్వాత పోల్చి చూసుకోవడానికి వేరే ఆధారం ఉండదు.

ఈసీజీ గుండె సైజు చెప్పదు, లయ చెప్తుంది. పడిపోయిన కుక్కకి, గుండె చప్పుడు తప్పి తప్పి వినిపించే కుక్కకి, డాబర్‌మన్‌కి, బాక్సర్‌కి అది ముందు. మా జున్ను లాంటి వాళ్ళకి మొదటి రోజు అవసరం లేదు. గుండె మీద ఒత్తిడి చెప్పే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అనే రక్తపరీక్ష కూడా ఉంది. ఆయాసం గుండె వల్లా ఊపిరితిత్తుల వల్లా అని తేలనప్పుడు పనికొస్తుంది, ఎకోకి బదులు మాత్రం కాదు. మూత్రపిండాల పరీక్ష, ముఖ్యంగా క్రియాటినిన్, ఏ మందు మొదలుపెట్టినా ముందొకసారి చేయించి తీరాలి.

మాత్ర ఇప్పుడే మొదలుపెట్టాలా?

మా ఇంట్లో ఎక్కువ గొడవైంది దీని మీదే. అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

పశువైద్య నిపుణులు ఈ తలుపు జబ్బును దశలుగా విడగొట్టారు. జబ్బు వచ్చే అవకాశమున్న జాతి అయితే చాలు, అది ఇంగ్లీషు అక్షరాల్లో మొదటిదైన 'ఏ' దశ. మర్మర్ ఉండి గుండె పెరగకపోతే బీ1. గుండె పెరిగి, నీరు ఇంకా చేరకపోతే బీ2. నీరు చేరితే సీ. మామూలు మందులకు లొంగకపోతే డీ. డాక్టరును ఏమీ అడగడం చేతకాకపోతే, "ఏ దశ సార్?" అన్న ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

జున్ను మొదటి ఎకోలో పై గది కొలత 1.3. అంటే బీ1. డాక్టరు మాత్ర రాయలేదు. ఇంతదూరం వచ్చి, ఇంత ఖర్చుపెట్టి, ఒట్టి చేతులతో పంపారేమని తమ్ముడు బాధపడ్డాడు. నాకూ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కానీ బీ1లో మందు ఇస్తే మేలు జరుగుతుందనడానికి ఆధారం లేదు. ఆర్నెల్లకో ఏడాదికో మళ్ళీ చూపించడం, బరువు పెరగనివ్వకపోవడం, ఊపిరి లెక్కపెట్టడం, ఇదే అప్పటి వైద్యం. మందు లేదంటే వైద్యం లేనట్టు కాదని మా వాళ్ళకి నచ్చజెప్పడానికి నాకు వారం పట్టింది.

పద్నాలుగు నెలల తర్వాత అదే కొలత 1.7కి వచ్చింది, కింది గది 1.8. జున్ను అప్పటికీ గంతులేస్తూనే ఉన్నాడు, పైకి ఏ తేడా లేదు. ఈసారి అమ్మ ఎదురు తిరిగింది, "బాగుండేవాడికి మందెందుకు మే?" అని. ఇక్కడ మాత్రం నేను పట్టుబట్టాను. 2016లో వచ్చిన ఎపిక్ అధ్యయనం సరిగ్గా ఇలాంటి కుక్కల మీదే జరిగింది. పదకొండు దేశాల్లో 360 కుక్కలు. గుండె పెరిగి, నీరు చేరని దశలో పిమోబెండాన్ ఇచ్చినవి నీరు చేరే దాకా, లేదా గుండె వల్ల చనిపోయే దాకా సగటున 1228 రోజులు గడిపాయి. ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవి 766 రోజులు. తేడా పదిహేను నెలలు. మేలు అంత స్పష్టంగా కనపడటంతో అధ్యయనాన్ని అనుకున్న గడువు కంటే ముందే ఆపేశారు. కుక్క బతుకులో పదిహేను నెలలు చిన్న మాట కాదు.

కాబట్టి నా మాట ఇది. బీ1 అయితే మాత్ర వద్దు, ఎవరు ఒత్తిడి పెట్టినా వద్దు. బీ2 అని అంకెలతో తేలితే పిమోబెండాన్ ఆలస్యం చెయ్యొద్దు, కుక్క ఎంత హుషారుగా ఉన్నా సరే. నీటి మాత్ర మాత్రం నీరు చేరేదాకా వద్దు. నీరు చేరకముందే ఎనలాప్రిల్ అనే బీపీ మాత్ర మొదలుపెడితే జబ్బు వెనక్కి పోతుందనడానికీ గట్టి ఆధారం లేదు.

పిమోబెండాన్ రోజుకు రెండుసార్లు, తిండికి గంట ముందు, ఖాళీ కడుపుతో వెయ్యాలి. మా వీధిలో సుప్రభాతం మొదలవగానే ఒకటి, సాయంత్రం దీపం పెట్టే వేళకు ఒకటి. గడియారం చూడక్కర్లేని వేళలు ఎంచుకుంటే మరిచిపోం.

పోయిన వేసవిలో ఒక రాత్రి క్యాలెండర్‌లో నలభై నాలుగు రాయాల్సి వచ్చింది. వాడు పడుకోకుండా మోచేతులు బయటికి పెట్టి, మెడ చాచి కూర్చున్నాడు. అది సీ. ఆ దశకు చేరాక ఎంపికలేం ఉండవు. ఆక్సిజన్, నీటిని లాగేసే ఇంజెక్షన్, తగ్గాక పిమోబెండాన్‌తో పాటు ఫ్యూరోసెమైడ్ అనే నీటి మాత్ర, ఎనలాప్రిల్ లేదా బెనాజిప్రిల్, స్పైరోనోలాక్టోన్, ఇవన్నీ కలిపే వాడతారు. ఏదో ఒకటి చాలదా అని ఖర్చు చూసి తగ్గించుకోవద్దు. నీటి మాత్ర మొదలుపెట్టిన వారం పది రోజుల్లో క్రియాటినిన్, పొటాషియం మళ్ళీ చూపించాలి. మేం అది ఒక్కసారి వాయిదా వేశాం. వాడు తిండి మానేసేదాకా మాకు తెలియలేదు.

తిరుపతిలోనే చూపించాలా, చెన్నైకో బెంగళూరుకో వెళ్ళాలా?

తిరుపతిలో ఉన్నవాళ్ళ అదృష్టం పశువైద్య కళాశాల. 1955 నుంచి ఉంది. 2005లో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక దాని కిందికి వచ్చింది. దాని ఆస్పత్రిలో ఆవుల పక్కన, మేకల పక్కన మన జున్ను కూడా వరసలో కూర్చోవాలి. రద్దీ ఉంటుంది, పొద్దున్నే వెళ్ళి చీటీ తీసుకోవాలి, విద్యార్థులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి స్టెతస్కోపు పెడతారు. కొందరికి అది చిరాకు. నాకైతే పది మంది విన్న గుండె విషయంలో పొరపాటు జరిగే అవకాశం తక్కువనిపిస్తుంది. ఖర్చు కూడా ప్రైవేటు కంటే బాగా తక్కువ. ఎకో చూసే డాక్టరు ఏ రోజు ఉంటారో ముందే కనుక్కుని వెళ్ళండి. మందు మొదలయ్యాక క్రమం తప్పకుండా చూపించుకోవడానికి, రక్తపరీక్షలకి ఇంతకంటే మంచి దారి నాకు కనపడలేదు.

చెన్నైలో వేపేరి దగ్గర మద్రాస్ పశువైద్య కళాశాల ఉంది, 1903 నాటిది. గుండెనే ప్రత్యేకంగా చూసే ప్రైవేటు డాక్టర్లు కూడా ఆ నగరంలో దొరుకుతారు. తిరుపతి నుంచి మూడు నాలుగు గంటల దారి. మొదటి ఎకో ఒక్కసారి అక్కడ తీయించుకుని, ఆ అంకెలు తెచ్చి ఇక్కడి డాక్టరుకు ఇవ్వడం మేం చేసిన పని, మళ్ళీ చెయ్యాల్సి వచ్చినా అదే చేస్తాను. చిత్తూరులో ఉంటే తిరుపతి గంటన్నరలో వచ్చేస్తుంది, బెంగళూరు నూట ఎనభై కిలోమీటర్లు. పలమనేరు, కుప్పం వైపు వాళ్ళకి బెంగళూరే సులువు.

కానీ ఆయాసపడుతున్న కుక్కను తీసుకుని చెన్నై దారిలో పుత్తూరు దాటొద్దు. దగ్గర్లో ఆక్సిజన్ ఉన్న చోటికి ముందు చేర్చండి. మేమిద్దరం, నేనూ తమ్ముడూ, ఆ నలభై నాలుగు రాత్రి గేటు దగ్గర నిలబడి చెన్నైయా ఇక్కడా అని పది నిమిషాలు వాదించుకున్నాం. ఆ పది నిమిషాలు తల్చుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. బాగున్న రోజునే ఈ సంగతి తేల్చుకుని ఉంచండి. రాత్రి పూట తెరిచి ఉండే చోటేదో, అక్కడ ఆక్సిజన్ ఉందో లేదో ముందే వెళ్ళి చూసి రండి. ప్రయాణం కారులోనే, తెల్లవారుజామున, ఏసీ వేసి. రైల్లో మామూలుగా కుక్కను గార్డు పెట్టె గూటిలో వేస్తారు. మన వేసవిలో గుండె జబ్బు కుక్కకి ఆ గూడు పనికిరాదు.

మనుషుల మందుల షాపులో కొనొచ్చా?

ఫ్యూరోసెమైడ్, ఎనలాప్రిల్, స్పైరోనోలాక్టోన్ మనుషులకు వాడేవే. డాక్టరు రాసిన మోతాదులో జన ఔషధి దుకాణంలో కొంటే చాలా చౌక. మేమూ అలాగే కొంటున్నాం. మోతాదు మాత్రం కుక్క బరువును బట్టి, మనుషుల లెక్క పనికిరాదు. పిమోబెండాన్ కుక్కల మందుగానే దొరుకుతుంది. నెల ఖర్చులో పెద్ద భాగం దానిదే. అది కొనడం కష్టమైతే డాక్టరుకి నిజం చెప్పండి, చాటుగా రెండుపూటల మాత్రను ఒక పూటకి తగ్గించొద్దు. తక్కువ మిల్లీగ్రాముల మాత్రలు రెండు కొనే కంటే ఎక్కువ మిల్లీగ్రాములది ఒకటి కొని సగం చేసుకోవడం చౌక కావచ్చు, అది మీ మాత్రకు కుదురుతుందో లేదో అడగండి.

నొప్పి మాత్రలు మాత్రం చేతికి అందనివ్వొద్దు. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ ఏ కుక్కకైనా ప్రమాదమే. నీటి మాత్ర, ఎనలాప్రిల్ వాడుతున్న కుక్కకి అవి మూత్రపిండాలను నేరుగా దెబ్బతీస్తాయి.

తిండి, ప్రసాదం

మందు మింగడానికి జున్ను మొరాయిస్తుంటే అమ్మ ఒకరోజు శ్రీవారి లడ్డూలో పెట్టి పెట్టింది. భక్తీ ప్రేమా రెండూ కలిసిన పని, కాదనడానికి నోరు రాలేదు. కానీ లడ్డూలో కిస్‌మిస్ ఉంటుంది. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల మూత్రపిండాలను పాడుచేస్తాయి. ఏ కుక్కకి ఎన్ని తింటే ప్రమాదమో చెప్పలేం, కొన్నింటికి కొద్దిగా తిన్నా చాలు. నీటి మాత్ర మీదున్న కుక్కకి అసలు వద్దు. తిరుపతిలో ప్రతి ఇంట్లో లడ్డూ ఉంటుంది కాబట్టి దీన్ని ఇంత గట్టిగా చెప్తున్నాను. జున్ను ఇప్పుడు చిన్న చికెన్ ముక్కలో పెట్టిన మాత్ర మింగుతున్నాడు. పిమోబెండాన్ అయితే ఖాళీ కడుపుతోనే వెయ్యాలి కాబట్టి ఆ ముక్క గోరంతే.

ప్యాకెట్ తిండా, ఇంటి తిండా అన్నదానికి నా సమాధానం: వాడు ఇష్టంగా తినేది, ఉప్పు లేనిది. అప్పడం, ఊరగాయ కలిపిన అన్నం, బ్రెడ్డు, బిస్కెట్లు, సాంబారు మానెయ్యాలి. సాంబారులో ఉల్లిపాయ ఉంటుంది, అది కుక్కల రక్తాన్ని పాడుచేస్తుంది. ఉప్పు వెయ్యని పెరుగన్నం, ఉడికించిన చికెన్, గుడ్డు బాగుంటాయి. మాంసకృత్తులు తగ్గించొద్దు. గుండె జబ్బు ముదిరిన కుక్కలు కండ కరిగి చిక్కిపోతాయి, అందుకే నెలకోసారి బరువు తూచాలి. ధాన్యం లేని ప్యాకెట్ తిండి మంచిదని అమ్ముతారు. అలాంటి తిండికీ కండరం బలహీనపడే గుండె జబ్బుకీ సంబంధం ఉండొచ్చని 2018లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ హెచ్చరించింది. ఆ సంబంధం ఇంకా పూర్తిగా తేలలేదు, కానీ పనిగట్టుకుని దాన్నే కొనాల్సిన అవసరం నాకు కనపడలేదు.

గంగమ్మ జాతర డప్పులు, దీపావళి టపాసులు గుండె కుక్కలకి నిజమైన కష్టం. జాతర వారంలో మేం జున్నును రేణిగుంటలో పిన్ని ఇంట్లో ఉంచుతాం.

ఆపరేషన్

తలుపును గుండె తెరిచి బాగుచేసే శస్త్రచికిత్స జపాన్‌లో, బ్రిటన్‌లో జరుగుతోంది. గుండె తెరవకుండా చిన్న కోత నుంచి క్లిప్పు పెట్టి కారే రెక్కలను పట్టించే పద్ధతి కూడా వచ్చింది, 2024లో ఢిల్లీలో ఒక బీగిల్‌కు చేశారు. లక్షల ఖర్చు, అన్ని కుక్కలకీ కుదరదు. మేం ఆలోచించి వద్దనుకున్నాం. స్తోమత ఉండి, కుక్క వయసు తక్కువై, గుండె వేగంగా పెరుగుతుంటే నిపుణుణ్ణి అడగడంలో తప్పు లేదు.

మందులు పట్టుతప్పినప్పుడు

నీరు చేరిన తర్వాత మందులతో గడిచే కాలం చాలా కుక్కల్లో నెలల్లోనే ఉంటుంది. కొన్ని ఏడాది దాటుతాయి, ఇంకొన్ని రెండేళ్ళు కూడా. మాత్రలు పెంచినా నీరు మళ్ళీ మళ్ళీ చేరుతుంటే ఫ్యూరోసెమైడ్ బదులు టోర్సెమైడ్ ఇచ్చి చూస్తారు. అదీ సరిపోకపోతే ప్రతి వారం ఆస్పత్రిలో ఉంచడమా, నొప్పి లేకుండా సాగనంపే ఇంజెక్షనా అన్న ఎంపిక ముందుకొస్తుంది. దాని గురించి మేం డాక్టరుతో ముందే మాట్లాడాం. వాడు తిండి మానేసి, మందులు మార్చినా రాత్రుళ్ళు పడుకోలేక కూర్చునే ఉంటే, మూడో రాత్రి కోసం ఆగకూడదని అనుకున్నాం. అమ్మ ఒప్పుకోదనుకున్నాను. "వాడు ఊపిరాడక అల్లాడేది నేను చూడలేను మే" అని తనే అంది.

ఆ మాట, రాత్రి తెరిచి ఉండే ఆస్పత్రి దారి, అత్యవసరంగా వెయ్యాల్సిన నీటి మాత్ర లెక్క డాక్టరు రాసిచ్చినట్టుగా క్యాలెండర్ వెనక అట్ట మీద రాసి పెట్టాం. ముందువైపు గడుల్లో ఈ నెల అంకెలు ఇరవై నాలుగు, ఇరవై ఆరు మధ్య ఉన్నాయి. జున్నుకి పన్నెండో ఏడు. బరువు ఆరు కిలోల ఎనిమిది వందల గ్రాములు.